కలెక్టరత్తా, నేనూ, వెనిసూ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ పనైనా సరే, స్కేలు పెట్టి గడులు గీసి, పక్కన టైము వేసి, కింద రంగు స్కెచ్ పెన్నుతో గీత కొట్టేస్తే సగం అయిపోయినట్టేనని, మిగతా సగం దానంతటదే జరిగిపోతుందని. (పదో తరగతిలో చదువుకి ఇలాగే టైంటేబుల్ వేశాను. దాని చుట్టూ పూల బోర్డరు పూర్తయ్యేసరికి పరీక్షలు వచ్చేశాయి. అయినా నమ్మకం చెక్కుచెదరలేదు.) ఇరవై మూడేళ్ళ వయసు, మొదటి ఉద్యోగం, చేతిలో పన్నెండు రంగుల స్కెచ్ పెన్నుల డబ్బా. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, డబ్బా మెల్లిగా లాక్కుని, కాస్త మజ్జిగ తాగమ్మా అని చెప్పాలనిపిస్తుంది. కానీ అప్పుడు ఆ పిల్ల ఎవరి మాటా వినే స్థితిలో లేదు. వెనిస్ వెళ్ళబోతోంది మరి.

మాది ఒడిశాలోని బరంపురం. ఉద్యోగం ఛత్రపురంలో. రోజూ పొద్దున్న బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం ఆరున్నర బస్సుకి ఇంటికి వచ్చేదాన్ని. ఆర్యపల్లి, చమఖండి ఊళ్ళలో చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ళ సంఘం ఒకటుంది. ఒడియాలో వచ్చిన సర్కారు కాగితాలు వాళ్ళకి తెలుగులో చదివి చెప్పడం, వాళ్ళు తెలుగులో తిట్టినవాటిని మర్యాదగల ఇంగ్లీషులోకి మార్చి మెయిల్ పెట్టడం నా పని. ఆ సంఘానికి అధ్యక్షురాలు కలెక్టరత్త. అది ఆవిడ అసలు పేరు కాదు. ఒకప్పుడు ఊరికి చేపలారబెట్టే సిమెంటు గచ్చు మంజూరై కూడా సంతకం దగ్గర ఆగిపోతే, ఈవిడ తలమీద చేపల గంపతో వెళ్ళి కలెక్టరు జీపుకి ఎదురుగా నిలబడి, "బేగి సంతకం ఎట్టు బాబూ, నాను తొందర్లో ఉన్నాను" అందట. ఆయన నవ్వి జీపు బానెట్ మీదే పెట్టేశాడట. అప్పటినుంచీ ఊరంతటికీ ఆవిడ కలెక్టరత్తే.

ఒకనాడు సంఘం పేరున ఆహ్వానం వచ్చింది. దేశదేశాల మత్స్యకార మహిళలంతా ఒకచోట కలుస్తున్నారు, మీ అధ్యక్షురాలు వచ్చి మాట్లాడాలి, తోడుగా ఒక దుబాసీ రావచ్చు అని. సభ నాలుగు రోజులు. జరిగే ఊరు వెనిస్‌కి రైల్లో అరగంట. తిరుగు విమానం మాత్రం సభ ముగిసిన ఒకటిన్నర రోజుకి. ఉత్తరంలో చాలా విషయాలు రాశారు. నాకు ఆ ఒకటిన్నర రోజు తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఆ సాయంత్రమే చార్టు కాగితం కొన్నాను. ఒకటిన్నర రోజుని నిమిషాల కింద కోసి గోడంత చార్టు తయారుచేశాను. పదీ ఇరవైకి గంటస్తంభం. పదీ ముప్పై అయిదుకి పెద్ద చర్చి, లోపల. పదీ యాభై అయిదుకి పెద్ద చర్చి, బయట. నాలుగున్నర నుంచి నాలుగూ నలభై వరకూ "కాలవ గట్టున కూర్చుని పరవశించుట". (ఔను, అలాగే రాశాను, ఊదారంగులో. పది నిమిషాలు చాలవేమోనని తర్వాత ఇంకో అయిదు కలిపాను.) మా నాన్న జాగ్రఫీ మాస్టారుగా రిటైరైన మనిషి. ఏటేటా పిల్లలకి ఆ ఊరి పాఠం చెప్పాడు గానీ, ఆయన స్వయంగా చూసిన పెద్ద కాలవ రుషికుల్య కాలవే. చార్టు చూడగానే ఆయనకి పాతికేళ్ళ వయసు తగ్గిపోయింది. బెత్తం పుచ్చుకుని గోడ ముందు నిలబడి, "అన్నీ బాగున్నాయి గానీ మెట్లేవే? ఆ ఊళ్ళో అడుగడుక్కీ వంతెన, వంతెనకి రెండు పక్కలా మెట్లు. ఆ టైము లెక్కెయ్యలేదు నువ్వు" అన్నాడు. మర్నాటినుంచి నేను బ్యాగు తగిలించుకుని మా మేడమెట్లు ఎక్కి దిగడం, ఆయన కింద నిలబడి వాచీ చూసుకోవడం. మేము మౌసా అని పిలిచే పక్కింటి ఒడియా బాబాయి గోడమీంచి చూసి, "మీ ఝిఅకి, అదే, అమ్మాయికి ఏమైంది సార్, పోలీసు ఉద్యోగమా?" అని అడిగాడు.

అమ్మ బీరువాలోంచి తన బరంపురం పట్టుచీర తీసింది. "పడవెక్కి ఫోటో దిగుతావు కదా, ఇది కట్టుకుని దిగు. పేంటు తొడుక్కుని ఎవరైనా దిగుతారు" అంది. మామ్మకి మాత్రం ఊరి మీదే సదభిప్రాయం కలగలేదు. "నీళ్ళలో ఇళ్ళేటే? మరి వడియాలెక్కడ పెట్టుకుంటారు?" అని రోజుకోసారి అడిగేది.

ఆఖర్న, వెళ్ళే మనిషికి కూడా చూపించాలని గుర్తొచ్చి, చార్టు చుట్ట చుట్టి ఆర్యపల్లి తీసుకెళ్ళాను. అత్త గచ్చు మీద చేపలు తిరగేస్తోంది. ఎదురుగా చార్టు పరిచి, నాలుగు మూలలా హుమ్మ ఊరి నుంచి వచ్చిన ఉప్పు బస్తాలు నాలుగు పెట్టి, గంటసేపు వివరించాను. చేతిలో చేప కింద పెట్టకుండా అంతా వింది.

"ఇదంతా బాగుంది గానీ గుంటా, ఆ ఊర్లో సేపల బజారు నేదేటి?"

"ఉందత్తా. ఇదిగో, రెండో రోజు పొద్దున్న. పావుగంట."

"పావుగంటా? సేప కల్లు సూడ్డానికే సాలదే!"

"అత్తా, అది ప్రపంచంలోకెల్లా అందమైన ఊరు. అక్కడికెళ్ళి చేపలు చూడ్డమేటి?"

అత్త నావైపు జాలిగా చూసింది. "సర్లే. పోటొచ్చినప్పుడు ఆ ఇల్లల్లో ఉన్నోలు ఏటి సేస్తారో, అది మాత్రం అడిగి తెలుసుకోవాల" అంది. దానికి చార్టులో గడి లేదు. ఎక్కడో ఇరికిద్దాంలే అనుకున్నాను.

తర్వాత వీసా సంగతి. నా భయమంతా అత్త గురించే. పుట్టిన తేదీ అడిగితే "పెద్ద గాలివాన ఒచ్చిన ఏడు, వరికోతలప్పుడు" అంటుంది. ఆవిడ పేరు ఆధార్‌లో ఒకలా, ఓటరు కార్డులో ఒకలా, సంఘం రిజిస్టరులో మూడోలా ఉంది. కాగితాలన్నీ ఒకే మనిషివని నిరూపించడానికి నెలన్నర తిరిగాను. కోల్‌కతాలో వీసా ఆఫీసువాళ్ళు ఇద్దర్నీ పిలిచి మాట్లాడతామంటే, ఏమడిగితే ఏం చెప్పాలో దారి పొడుగునా రైల్లో అత్తకి వల్లె వేయించాను. నాకు నేను ఏమీ వల్లె వేసుకోలేదు. నేను చదువుకున్నదాన్ని కదా!

గాజు పలక వెనకాల ఒక ఆఫీసరమ్మ. ముందు అత్త వంతు. "పని అయిపోయాక మీరు తిరిగి వస్తారని మాకు నమ్మకమేమిటి?" అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. నేను వల్లె వేయించినదంతా అత్త అక్కడే వదిలేసింది.

"ఏటా మాట? గచ్చు మీద సేపలేసొచ్చినానమ్మా. నాను ఎనక్కి ఎల్లకపోతే ఎవులు తిరగేస్తారు? మా కోడలికి ఒక పక్కే ఎండబెట్టడం ఒచ్చు."

దాన్ని ఇంగ్లీషులోకి మార్చాను. ఆఫీసరమ్మ నవ్వింది. ఏ చేపలు, ఎన్నాళ్ళు ఎండాలి అని ఇంకో అయిదు నిమిషాలు మాట్లాడింది. తర్వాత నావైపు తిరిగి అదే ప్రశ్న వేసింది. అంతే, నాలో ఇన్నాళ్ళుగా కట్టేసి ఉంచిన గోదావరి గట్టు తెంచుకుంది. బ్యాగులోంచి చార్టు చిన్న కాపీ తీసి (ఇరవై పేజీలు, స్పైరల్ బైండింగ్) గాజు పలక కింద నుంచి తోశాను. వెనిస్ నా చిన్ననాటి కల అన్నాను. ఆ కాలవల గురించి, ఆ వంతెనల మీద పడే సాయంకాలపు వెలుగు గురించి చెప్పాను. ఇక్కడితో ఆపి ఉంటే నా జీవితం వేరేగా ఉండేది. ఆపలేదు. కళ్ళు అరమోడ్చి, "ఒకటిన్నర రోజు ఏం సరిపోతుందండీ? ఆ ఊరు చూడ్డానికి ఒక జీవితం కూడా చాలదు!" అన్నాను.

ఆఫీసరమ్మ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ టైపు చెయ్యడం మొదలుపెట్టింది. చాలాసేపు చేసింది.

తిరుగు రైల్లో నేను ఆనందంతో తేలిపోతున్నాను. అత్త కిటికీలోంచి చూస్తూ, "ఆయమ్మ నువ్వు మాటాడినంతసేపూ నీ మొకం సూడ్నేదే గుంటా. రాస్తానే ఉన్నాది" అంది. "అది మంచి గుర్తు అత్తా, నా మాటలన్నీ రాసుకుంది" అన్నాను.

రాసుకుందని పదిహేను రోజుల తర్వాత తెలిసింది. రెండు పాస్‌పోర్టులూ ఒకే కవరులో వచ్చాయి. అత్త దానిలో రంగురంగుల వీసా కాగితం అంటించి ఉంది. నా దానిలో మడత పెట్టిన తెల్ల కాగితం. దాంట్లో బోలెడు గళ్ళు, ఒక గడిలో టిక్కు. గడువులోగా మీరు తిరిగి వెళ్ళిపోతారన్న నమ్మకం మాకు కలగలేదు అని. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ సాయంత్రం ఆరున్నర బస్సు ఒక్కసారీ తప్పనిదాన్ని, తప్పితే అమ్మ ఛత్రపురం మొత్తానికి ఫోన్లు చేస్తుందని భయపడేదాన్ని, నేను తిరిగి రానట! మళ్ళీ అర్జీ పెట్టుకోవడానికి టైము లేదు. పెట్టుకున్నా ఆ ఇరవై పేజీల స్పైరల్ బైండింగ్ వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

ఆ మూడు రోజులూ నేను మంచం దిగలేదు. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పుడు నిజంగానే నా బతుకు అక్కడితో ముగిసిపోయిందనుకున్నాను. గోడకి ఎదురుగా పడుకుంటే చార్టు కనిపించేది, ఇటు తిరిగి పడుకుంటే మేడమెట్లు కనిపించేవి. అమ్మ మాట్లాడకుండా పట్టుచీర మడిచి, కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టేసింది. మామ్మ, "పోనీలేవే, వడియాలు పెట్టుకోడానికి చోటు లేని ఊరు, అదీ ఒక ఊరేనా" అని నా తల నిమిరింది. నాన్న చార్టు ముందు నిలబడి మొదటి గడి నుంచి చివరి గడి వరకూ వేలు పెట్టి చదివాడు. "మెట్లకిచ్చిన టైము సరిగ్గానే ఉందే" అని మెల్లిగా అని, గదిలోంచి వెళ్ళిపోయాడు. దానికి ఏడ్చినంత నేను ఆ తెల్ల కాగితానికి కూడా ఏడవలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కలెక్టరత్త బస్సెక్కి బరంపురం వచ్చింది. మా ఇంటికి రావడం అదే మొదటిసారి. గుమ్మంలో నిలబడి, "ఎండుసేపలు తెచ్చినాను గానీ గేటుకి తగిలించేసినానులే అమ్మా, బయపడకండి" అని మామ్మకి ముందే చెప్పింది. (మాది నీచు ముట్టని ఇల్లు. ఆ సంచీని మౌసా ఒక గంటలో పసిగట్టి సంతోషంగా తీసుకుపోయాడు.) అమ్మ కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. అత్త కాఫీ ముట్టకుండా నావైపు చూసింది.

"నువ్వు రాకపోతే నానూ ఎల్లను. మన సంగం సెక్రెటరీ బాబుకి సెప్పీసినాను."

ఆ మాట వినగానే నా కడుపులో చల్లటి సంతోషం ఒకటి పాకింది. ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తూ కూడా సిగ్గుపడుతున్నాను. నేను చూడని ఊరు ఇంకెవరూ చూడకుండా పోతుందన్న సంతోషం. వద్దులే అత్తా, మానెయ్ అన్న మాట నోటి చివరిదాకా వచ్చేసింది.

"నోరు నేకండా ఎల్లి నానేటి సేస్తాను? నా మాట ఆల్లకి ఎవులు సెప్తారు?" అంది అత్త.

అప్పుడు గుర్తొచ్చింది. నిజానికి నేను మర్చిపోయింది అదే. సభలో అత్త చెప్పవలసిన మాటలు నేనే రాసుకున్నాను. సంఘం ఆఫీసులో ఆడవాళ్ళంతా కూర్చుని, అది చెప్పు, ఇది చెప్పు అని అత్తకి అప్పజెప్పిన మాటలు. ఏడాదికేడాది కెరటం ఎంత లోపలికి వస్తోందో, ఇదివరకు చేపలారబోసిన ఇసుక ఇప్పుడెక్కడుందో, మూడు వరసల ఇళ్ళలో ముందు వరస ఎలా పోయిందో. ఆ కాగితం వెనిస్ చార్టు కింద ఎక్కడో పడి ఉంది. నెలల తరబడి నేను దాన్ని తీసి చూడలేదు.

లేచి వెళ్ళి ఆ కాగితం వెతికి తీశాను. తర్వాత, "వెళ్ళాలి అత్తా" అన్నాను. అంత కష్టంగా నేను ఇంకే మాటా అనలేదు.

"నీకు బాద నేదా?"

"ఉంది. చాలా ఉంది. అయినా వెళ్ళు."

ఆ దేశంలోనే చదువుకుంటున్న విజయనగరం వైపు అమ్మాయినొకదాన్ని సెక్రెటరీగారు దుబాసీగా కుదిర్చారు. ఆ అమ్మాయికి ఆర్యపల్లి మాట సరిగ్గానే తెలుస్తుందని ఫోనులో పరీక్ష పెట్టి మరీ ఒప్పుకున్నాను. అత్తకి చదువు రాదు గనక నా చార్టుని బొమ్మల్లోకి మార్చి ఒక చిన్న పుస్తకం కుట్టాను. (మనిషికి ఒక పట్టాన బుద్ధి వస్తుందా?) అత్త ఒక్కో పేజీ తిప్పి, నా పడవ బొమ్మ చూసి, "ఇదేటి, రొయ్యా?" అని అడిగింది. ఢిల్లీ దాకా సెక్రెటరీగారు తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి మిగతా రాష్ట్రాల వాళ్ళతో కలిసి వెళ్ళింది. సభలో అత్త మాట్లాడాక హాలంతా లేచి నిలబడ్డారని ఆ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేను సంతోషించాను. ఈసారి మంచి సంతోషమే. కానీ మర్నాడు వెనిస్ కదా, అందుకని పూర్తిగా సంతోషించడానికి తీరిక లేకపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకి, అంటే వాళ్ళకి పొద్దున్న, వీడియో కాల్ వచ్చింది. సంఘం ఆఫీసులో ఆడవాళ్ళంతా నా భుజాల మీద పడి చూస్తున్నారు. ఫోనులో నీళ్ళు లేవు, వంతెన లేదు, ఒక పెద్ద చేప మొప్ప కనిపించింది. మొప్ప పక్కన అత్త వేలు.

"సూసినావా, ఎర్రగా ఉన్నాది. నిన్నటి సేపే గానీ మంచిదే."

"అత్తా! ఎక్కడున్నావు?"

"సేపల బజార్లో. పొద్దున్నుంచీ ఇక్కడే."

"పొద్దున్నుంచా? పదీ ఇరవైకి గంటస్తంభం దగ్గరుండాలి అత్తా! తర్వాత పెద్ద చర్చి! లోపల!"

"ఉండవే, ఈ బాబుతో మాటాడతన్నాను."

ఏప్రాన్ కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఫోనులోకి వంగి చెయ్యూపాడు. వెనకాల ఎక్కడో గంటలు మోగుతున్నాయి. నా గంటస్తంభమే అయి ఉంటుంది. "అత్తా, కనీసం ఫోను అటు తిప్పు!" అని అరిచాను. తిప్పింది. ఒక్క క్షణం పచ్చటి నీళ్ళు, పక్కన గులాబీరంగు గోడ, కదులుతున్న పడవ ముక్క. ఆఫీసంతా "ఓలమ్మా" అంది. తర్వాత ఫోను మళ్ళీ చేపల మీదకి వచ్చింది. నేను బల్ల మీద తల పెట్టుకున్నాను. చమఖండి అప్ప ఒకావిడ నా వీపు రాస్తూ, "ఏడవకమ్మా, సేప బాగున్నాది కదా" అని ఓదార్చింది.

అత్త తిరిగొచ్చిన రోజు బరంపురం స్టేషనుకి వెళ్ళాను. బండి దిగగానే అడిగేశాను, ఏం చూశావని. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడి, కాళ్ళు నొక్కుకుంటూ చెప్పింది.

"ఆ సేపల బాబు ఆల్లమ్మకి ఎనబయ్యేల్లు. కింద ఇల్లు వొదిలేసి మేడ మీదికి ఎల్లిపోనాదంట. పోటుకి నీల్లు ఇంట్లోకే ఒచ్చెస్తన్నాయంట. గోడల్ని ఉప్పు తినేస్తన్నాది. మన ఊరికి మల్లేనే. మన ముందు వరస ఇల్లు పోనాయని సెప్పినాను. ఆయన సేప కోత ఆపీసినాడు. నా మాట ఆయనకి సెప్పిన ఆ సదువుకున్న పిల్ల ఎందుకో ఏడ్సింది."

ఇరవై పేజీల్లో, గోడంత చార్టులో, ఆ ఊళ్ళో ఒక మనిషి ఉంటాడనీ, వాడికొక తల్లి ఉంటుందనీ నేను ఎక్కడా రాయలేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నేను ఇంకా ఆ సంఘంలోనే ఉన్నాను. వెనిస్ వెళ్ళలేదు. ఇక వెళ్తానని కూడా అనుకోవడం లేదు. సంఘంలోకి కొత్తగా వచ్చిన వాళ్ళకి అత్త ఆ ప్రయాణం కథ చెబుతూనే ఉంటుంది. మొదట్లో "నాను ఎల్లినాను" అని చెప్పేది. తర్వాతెప్పుడో, ఎప్పటినుంచో నాకు సరిగ్గా తెలియదు, "నానూ ఈ గుంటా ఎల్లినాం" అని చెప్పడం మొదలుపెట్టింది. మొదటిసారి విన్నప్పుడు సరిదిద్దబోయాను. అత్త ఆగకుండా చెప్పుకుపోతోంది. వయసు మీద పడి మర్చిపోయిందో, తెలిసే అంటోందో అడగడానికి ధైర్యం చాలలేదు.

మొన్నామధ్య కొత్తగా చేరినావిడ కథంతా విని నావైపు తిరిగి, "అక్కా, అక్కడ సలి ఎక్కువా?" అని అడిగింది. లేదమ్మా, నేను వెళ్ళలేదు అనడానికే నోరు తెరిచాను.

"అబ్బో, చాలా చలి" అన్నాను. "వంతెనెక్కితే గాలి కోసేస్తుంది. అత్త తన శాలువా తీసి నాకే కప్పింది."

అత్త చేపలు తిరగేస్తూ తలెత్తకుండానే, "మరే. సెప్తే ఇన్నాదా, పలచటి జాకెట్టేసుకొచ్చింది" అంది. అని, కథలో తర్వాతి ముక్క అందుకుంది.